కొళాయి గంటా, గుంటూరు కప్పూ

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మార్కాపురంలో మా వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పగలిగిన మనిషికి ఉన్న మర్యాద డాక్టరుకు కూడా ఉండేది కాదు. వీధి మొత్తానికి ఒకటే కొళాయి. నాలుగైదు రోజులకోసారి వచ్చేవి నీళ్లు. కోడి కూయకముందే రావచ్చు, సరిగ్గా అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు రావచ్చు. వచ్చాక ఎంతసేపు ఉంటాయన్నదీ వాటి ఇష్టమే. అందుకని మా వీధిలో రెండు పద్ధతులుండేవి. ఒకటి, కొళాయి తిప్పి వదిలేసి దాని కింద స్టీలు కంచం బోర్లించడం. ధార పడగానే అది మోగేది, మోగగానే ఇళ్లన్నీ బిందెలతో సహా బయటికి వచ్చేవి. రెండోది వరస. మనిషి ఎంతసేపని నిలబడుతుంది? తన బదులు ఏదో ఒక వస్తువును పెట్టి పోతుంది. తెగిన చెప్పు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, చొట్టపడిన నూనె డబ్బా, ఏదైనా సరే. మాది పలకల ఊరు కాబట్టి మా అవ్వ (మా నాయన తల్లి) పగిలిన పలక ముక్క పెట్టేది. ఆ వస్తువును జరపడమంటే మనిషిని మెడబట్టి గెంటినంత తప్పు. ఈ విషయంలో కాపలా అంతా ఎదురింటి దర్శి పెద్దమ్మది. దర్శి నుంచి కోడలిగా వచ్చి మనవలను ఎత్తుకున్నా ఆవిడ దర్శి పెద్దమ్మే. ఆవిడ అరుగు మీద కూర్చుంటే పిల్లి కూడా వరసలోనే పోతుందని మా అమ్మ అనేది.

నన్ను మాత్రం వీధిలో అందరూ కరెంటు పాప అనేవాళ్లు. ఎలక్ట్రానిక్స్ చదువుతున్నానన్న గౌరవంతో వచ్చిన పేరు కాదది. కాలేజీలో చేరిన కొత్తలో దర్శి పెద్దమ్మ మిక్సీ బాగుచేస్తానని విప్పి, మళ్లీ బిగించి, స్విచ్చి వేస్తే వీధి వీధంతా చీకటైపోయింది. (మిక్సీ మాత్రం ఆ తర్వాత బాగానే తిరిగింది. ఆ మాట ఎవరూ చెప్పరు.) మా నాయనకు బజారులో చిన్న కిరాణా దుకాణం. ఆయన దృష్టిలో ఉద్యోగమంటే బ్యాంకు ఉద్యోగమే. చదువైపోగానే నన్ను నంద్యాలలో బ్యాంకు కోచింగులో చేర్పించాలని ఆయన ఎప్పుడో తీర్మానించేశాడు. నేను మూడో ఏడాదిలో ఉండగా గుంటూరులో ఒక కాలేజీ వాళ్లు మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టుల పోటీ పెట్టారు. వెళ్తానని అడిగితే నాయన బియ్యం తూచడం ఆపకుండానే అన్నాడు: "పో. దాంట్లో ఏదన్నా వచ్చిందా, నీ తీగలు నువ్వు చూసుకో, నేను నోరెత్తను. రాలేదా, మాట్లాడకుండ నంద్యాల రైలెక్కు." మా స్టేషనుకు వచ్చే రైళ్లు ఒకవైపు గుంటూరుకు, ఒకవైపు నంద్యాలకు పోతాయి. నా బతుకు ఎటువైపు రైలెక్కుతుందో ఆ పోటీయే తేల్చాలన్నమాట. నాకు అంకెలంటే భయం లేదు గానీ, జీవితాంతం అద్దం వెనక కూర్చుని "టోకెన్ తీసుకున్నారా" అని అడగడమంటే మాత్రం నావల్ల కాదనిపించేది.

పోటీకి ఇద్దరు జట్టుగా వెళ్లాలి. నా జట్టు మా క్లాసులోని గిద్దలూరు పిల్ల. చేతికి ఏ యంత్రం దొరికినా ముందు నవ్వుతుంది, తర్వాత విప్పుతుంది. ఏం చేద్దామా అని మా అరుగు మీద కూర్చుని తలలు బద్దలు కొట్టుకుంటుంటే కొళాయి 'బుస్స్' అంది. అవ్వ గభాలున లేచి, "నీళ్లు వస్తాండయి, బిందె తేండే" అని కేకేసింది. గిద్దలూరు పిల్ల కొళాయి వంక చూసి "ఏవి అవ్వా? చుక్క లేదు గదా" అంది. "ముందు గాలొస్తది, ఎనకమాల నీళ్లొస్తాయి. ఏం చదువుతాండారే మీరు?" అంది అవ్వ. అంతే, మా ప్రాజెక్టు పుట్టింది. గొట్టంలోని గాలి బుస విని, నీళ్లు పడకముందే వీధిని లేపే పరికరం. గొట్టానికి చిన్న మైకు కట్టాం, ఆ చప్పుడును పోల్చుకునే ప్రోగ్రాం రాసి మైక్రోకంట్రోలర్ చిప్పులో వేశాం, దానికి ఒక పాత ఆటో హారన్ తగిలించాం, అన్నింటినీ పాలపొడి డబ్బాలో పెట్టి మూతకు టేపు చుట్టాం. కాగితాల మీద దానికి ఇంగ్లీషులో రెండు వరుసల పేరు పెట్టాం. వీధిలో దాని పేరు గంట.

మొదటి వారం ఆ గంట మా పరువు తీసింది. ఎవరింట్లోనో కుక్కర్ కూసినా మోగేది. లారీ బ్రేకు వేసినా మోగేది. ఒకసారి మిట్టమధ్యాహ్నం దర్శి పెద్దమ్మ చింతపండు ఘాటుకు వరసగా తుమ్మితే తుమ్ము తుమ్ముకూ మోగింది. వీధంతా బిందెలతో పరుగెత్తుకొచ్చి, ఎండిన కొళాయి చుట్టూ నిలబడి నా వంక చూశారు. "ఏంది పాపా, నీ గంటకు నా మీద ఏమన్నా పగనా?" అంది పెద్దమ్మ ముక్కు తుడుచుకుంటూ. పక్కింటి మామ ఒకాయన "కంచానికి పిచ్చి లేదమ్మా, దానికి నీళ్లొక్కటే తెలుసు" అని సలహా కూడా ఇచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. గిద్దలూరు పిల్ల మాత్రం నవ్వి, "చప్పుడు తెగకుండా సాగితేనే మోగాలని రాద్దాం లే. పెద్దమ్మ ఎంత తుమ్మినా మధ్యలో ఊపిరి పీల్చుకోవాల గదా" అంది. వీధి చప్పుళ్లన్నీ ఫోన్లో రికార్డు చేసుకుని, ఏది బుస, ఏది కాదు అని దానికి ఒక్కొక్కటే నేర్పాం. ఆ తర్వాత ఒక సాయంత్రం గంట మోగింది. జనం నమ్మలేక నింపాదిగా బయటికి వచ్చారు. వచ్చేసరికి ధార పడింది. ఆ రోజు చివరి బిందెకు కూడా నీళ్లందాయి. ఆ మర్నాడు దర్శి పెద్దమ్మ మా ఇంటికి గిన్నెడు బొరుగుల ఉగ్గాణి పంపింది. ఆవిడ చేత్తో ఇంకొకరింటికి ఏదైనా వెళ్లడం నాకు తెలిసి అదే మొదలు.

ఇక అక్కడి నుంచి మా వీధికి గంటే దిక్కు. అది తప్పకుండా మోగుతుండటంతో జనం హాయిగా టీవీలు చూసుకునేవాళ్లు. అవ్వయితే కొళాయి కింద కంచం తీసుకొచ్చి, తోమి, "అన్నం తినే కంచం, ఎన్నాళ్లని వీధిలో పడేసేది" అంటూ లోపల బోర్లించింది. నాకు ఛాతీ రెండింతలైందని వేరే చెప్పాలా. గుంటూరులో బహుమతి వచ్చేసినట్టే నడిచేదాన్ని. (మెడ కొంచెం పైకెత్తి నడిచేదాన్నని మా అమ్మ ఇప్పటికీ నడిచి చూపిస్తుంది.)

పోటీ రోజు పొద్దున్నే డబ్బా విప్పి సంచిలో పెట్టుకున్నాను. విప్పేటప్పుడు వీధంతా అక్కడే ఉంది. "గంట తీసుకుపోతున్నా, రేపొస్తా" అని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ తలూపారు. దర్శి పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి, నాతో ఆగకుండా డబ్బాకు కూడా పెట్టింది. నీళ్లు ముందురోజే వచ్చాయి, మళ్లీ మూడు రోజులకు గానీ రావని అందరిదీ ఒకటే లెక్క. నాయన స్టేషనుదాకా వచ్చి, రైలు కదిలేదాకా నిలబడి, కిటికీలోంచి అరటిపళ్లు ఇచ్చి, "నంద్యాలలో హాస్టలు కూడా చూసినా, బాగుంది" అన్నాడు. మనిషిని సాగనంపే తీరా అది?

గుంటూరు కాలేజీ హాలు చూడగానే నా మెడ కిందికి దిగింది. గీత వెంట పరుగెత్తే రోబోలు, చేయి చూపిస్తే నోరు తెరిచే చెత్తబుట్టలు, రంగురంగుల లైట్లు. మధ్యలో బొట్టు పెట్టిన మా పాలపొడి డబ్బా. మా బల్ల దగ్గరికి వచ్చిన న్యాయనిర్ణేత తెల్లజుట్టు పెద్దాయన. ఓపిగ్గానే విన్నాడు. "నీళ్లు పారుతున్నాయని చెప్పే సెన్సర్లు బజారులో దొరుకుతాయి కదమ్మా, మళ్లీ ఇదెందుకు?" అన్నాడు. "నీళ్లు వచ్చాక అందరికీ తెలుస్తుంది సార్. మాకు రాకముందు తెలియాలి" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "బాగుంది, చూపించండి" అన్నాడు. గిద్దలూరు పిల్ల సైకిలు పంపుతో మేము వెంట తెచ్చిన గొట్టంలోకి గాలి కొట్టింది. గొట్టం బుస్సుమంది. డబ్బా ఉలకలేదు, పలకలేదు. ఇంకా కొట్టింది, చెమటలు పట్టాయి. ఊహూఁ. మేము దానికి మా వీధి చప్పుళ్లు నేర్పాం గానీ హాల్లోని పెద్ద పెద్ద ఫ్యాన్ల హోరు నేర్పలేదు. ఆ హోరులో బుసను అది పోల్చుకోలేకపోయింది. నా చెవుల్లో మాత్రం నంద్యాల రైలు కూత స్పష్టంగా వినబడింది.

"మీ వీధిలో పనిచేసిందనడానికి ఏదైనా ఆధారం ఉందా?" అన్నాడు పెద్దాయన, జాలిపడ్డట్టే ఉంది గొంతు. వీడియో ఉంది సార్ అని నా ఫోను హాలు స్పీకరుకు తగిలించాం. సరిగ్గా అప్పుడే అమ్మ నంబరు నుంచి ఫోను. గిద్దలూరు పిల్ల కట్ చేయబోయి, కంగారులో ఎత్తేసింది. హాలంతా దర్శి పెద్దమ్మ గొంతు మారుమోగింది.

"ఓ కరెంటు పాపా! నీళ్లు వచ్చిపోయినాయే! ఒక్క బిందె పట్టింటే ఒట్టు! రోడ్డు మీద పారి మడుగు కడితే అప్పుడు చూసినాం. మీ అవ్వ కంచం ముందరేసుకోని కూకోని తిడతాంది!"

రోబోల వాళ్లు రోబోలను ఆపేశారు. నేను ఫోను లాగేలోపు పెద్దాయన ముందుకు వంగి, "అమ్మా, ఎవరు మాట్లాడేది?" అన్నాడు.

"నువ్వెవురు నాయనా?"

"ఇక్కడ పోటీలో మార్కులు వేసేవాణ్ణమ్మా. ఆ గంట బాగా పనిచేసేదా?"

"పనిచేసేదేంది నాయనా, దాన్ని నమ్ముకోనే గదా మేము కంచం ఎత్తేసింది! ఇప్పుడు ఇంట్ల తాగను గుక్కెడు లేవు. నువ్వు మార్కులు ఏస్తే ఎయ్యి, ల్యాకుంటే ల్యా. గంటను మాత్రం నీ కాడ పెట్టుకోవాకు. పాపను బిరిన రైలెక్కియ్యి."

హాలు నవ్వులతో ఊగిపోయింది. నేను బల్ల కింద దూరడానికి చోటు చూసుకుంటున్నాను. పెద్దాయన మాత్రం నవ్వు ఆపుకుని కాగితం మీద ఏదో రాసుకుని, "ఒక్కరోజు లేకపోతే తిట్టేవాళ్లున్న ప్రాజెక్టు ఇక్కడ ఇదొక్కటేనమ్మా" అని పక్క బల్లకు వెళ్లిపోయాడు. సాయంత్రం మాకు మూడో బహుమతి ప్రకటించారు. ఒక కప్పు, నీళ్ల మీటర్లు చేసే ఓ చిన్న కంపెనీలో వేసవి సెలవుల్లో శిక్షణ. స్టేజీ మీద కప్పు అందుకుంటూనే, ఇంటికెట్లా వెళ్లాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ రాత్రికి గిద్దలూరు పిల్ల వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఉండి, అమ్మకు ఫోనులో కప్పు సంగతీ కంపెనీ సంగతీ చెప్పి, మర్నాడు రైలెక్కాం. మా స్టేషన్లో నేను దిగుతుంటే అది కప్పు నా చేతుల్లో పెట్టి, "నువ్వే తీసుకపో. మీ వీధోళ్లు కొడితే అడ్డం పెట్టుకోవచ్చు" అని కిటికీలోంచి నవ్వుతూ గిద్దలూరు వెళ్లిపోయింది.

వీధి మలుపు తిరిగేసరికి అందరూ కొళాయి దగ్గరే ఉన్నారు. కప్పు ఎత్తి చూపించాను. ఒక్కరూ దాని వంక చూడలేదు. "గంట ఏదే?" అంది అవ్వ. సంచి దించకుండానే, అన్నం తినకుండానే, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొళాయి ముందు కూర్చుని డబ్బా బిగించడం మొదలుపెట్టాను. ఇంతలో తల మీద నీడ పడింది. చూస్తే నాయన, గొడుగు పట్టుకుని. దుకాణం మూసేసి వచ్చినట్టున్నాడు. ఆయన మధ్యాహ్నం పూట దుకాణం మూయడం నేను అంతకుముందు చూడలేదు. చివరి స్క్రూ బిగించేదాకా గొడుగు అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆ మీటర్ల కంపెనీ ఏ ఊర్లో?" అన్నాడు. హైదరాబాదు అన్నాను. "అయితే నంద్యాల హాస్టలోళ్లకు ఫోను చేసి వద్దని చెప్తా" అన్నాడు. అంతే. నాకు ఏడుపు ఆగలేదు. చెమట తుడుచుకుంటున్నట్టు చున్నీతో ముఖం కప్పుకున్నాను.

కప్పును నేను టీవీ మీద పెట్టాను. మర్నాడు లేచేసరికి లేదు. ఇల్లంతా వెతికి వీధిలోకి వస్తే, కొళాయి దగ్గర వరసలో, తెగిన చెప్పుకూ నూనె డబ్బాకూ మధ్య తళతళలాడుతూ నిలబడి ఉంది. "పలక ముక్క ఎవురో తొక్కి పొడి చేసినారు. ఇదైతే గట్టిగుంది" అంది అవ్వ, ఎంతో సహజంగా.

ఇప్పుడు నేను హైదరాబాదులో మీటర్లు చేసే పనిలోనే ఉన్నాను. మా అపార్ట్‌మెంటులో ఎప్పుడు తిప్పినా నీళ్లొస్తాయి. అయినా ఎక్కడైనా గొట్టం బుస్సుమంటే చేతులు బిందె కోసం వెతుకుతాయి, చూసిన వాళ్లు నవ్వుతారు. అవ్వ లేదిప్పుడు. మొన్న ఊరికి వెళ్లినప్పుడు చూస్తే పాలపొడి డబ్బా పోయి కొత్త డబ్బా వచ్చింది, హారన్ మాత్రం అదే. వరసలో కప్పు కూడా ఉంది. ఒక చెవి ఊడిపోయింది, చెక్కిన అక్షరాలు అరిగిపోయాయి, అడుగున సున్నం పట్టింది. దాన్ని చూస్తే ఆ మెడ ఎత్తి నడిచే పిల్ల గుర్తొచ్చింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, కప్పును మెల్లగా చెప్పు కంటే ముందుకు జరిపాను.

"పాపా!" అని ఎదురు అరుగు మీంచి కేక. దర్శి పెద్దమ్మకు కళ్లు సరిగా కనబడటం లేదని అమ్మ చెప్పింది, అదంతా ఉత్తదే. "కప్పు గెలిచినోళ్లయినా వరసలోనే రావాల."

నవ్వుకుంటూ వంగి, కప్పును మళ్లీ చెప్పు వెనకాల పెట్టేశాను.