ఒకే డబ్బాలో రెండు కాపురాలు

1999లో, గద్వాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రాజేశ్వరికి ఒక వారం పాటు కాళ్లు నేల మీద నిలవలేదు. పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో లినక్స్ ఉంది, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో వ్యవస్థ. తన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు దాన్నీ నడపాలి. ఎందుకంటారా? పిచ్చి పట్టినవాళ్లను కారణం అడగకూడదు.

అడ్డం ఒక్కటే. మగ్గం నేసే వాళ్ల నాయన బాలకిష్టయ్య నలభై ఏళ్లుగా గీసిన చీర అంచుల నమూనాలు, మొత్తం అరవై రెండు, ఆమె ఎక్కించిన ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటిని గీసిన గళ్ల కాగితాలను చెదలు తినేశాయి. ఫ్లాపీ పనిచేయదు కాబట్టి వేరే నకలు లేదు. చూపు మందగించి ఆయన మళ్లీ గీయలేడు.

దారులు మూడు. విండోస్‌ను తుడిచేయడం ఒకటి, ఆ మాట తలచుకోవడమే పాపం. విండోస్ కడుపులోనే ఒక ఫోల్డర్‌లో లినక్స్‌ను కూర్చోబెట్టడం రెండోది. ప్రమాదం లేదు గానీ నత్తనడక. మూడోది, డిస్కును రెండు భాగాలు చేసి, ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో ఎంచుకోవడం. రెండూ పరుగెడతాయి, గీత తప్పితే మాత్రం అంచులు గోవిందా!

మూడూ నాయనకు చెప్పింది.

"గిండ్ల అడిగేదేముంది బిడ్డా? మన చీరల నడుమ నూలు, అంచుకు పట్టు. మగ్గం ఒక్కటే. దేనికదే బతుకుతలేదా? పంచెయ్యి."

"జర అటిటు అయితే నీ అంచులు పోతయి నాయినా."

"పోతె పోనీ" అన్నాడు గానీ, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

పంచే ముందు సరుకంతా డిస్కులో ఒక వైపుకు జరపాలి. ఆ పని మొదలవగానే తెర మీద రంగురంగుల గళ్లు వరుసలుగా కదిలాయి. బాలకిష్టయ్య కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. అచ్చం గళ్ల కాగితమే! వరుస మధ్యలో ఒక ఎర్రగడి కనబడింది.

"ఆపు, ఆపు! తప్పు వడ్డది!"

తప్పు పడితే మగ్గం వెంటనే ఆపాలి. నలభై ఏళ్లుగా అలవాటైన చెయ్యి ఆలోచిస్తుందా? ప్లగ్గు పీకేశాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తెర నల్లబడింది.

రాజేశ్వరి ప్లగ్గు మళ్లీ పెట్టింది. ఆన్ చేసి, ఒక్కొక్క అంచూ తెరిచి చూసింది. అరవై రెండూ ఉన్నాయి! ఎర్రగడి తప్పు కాదు, ఆ క్షణాన రాస్తున్న చోటు అంతే; నవ్వు ఆపుకోలేకపోయింది. నాయనను చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పి మిగతా పని కానిచ్చింది. సాయంత్రానికి డిస్కు రెండు భాగాలైంది. విండోస్ లేచింది, అంచులు భద్రం. తర్వాత లినక్స్‌ను ఎక్కించి లేపితే, నల్లటి తెర మీద తెల్లని అక్షరాలు జలజలా పారి ఒకచోట ఆగాయి.

"ఏమంటున్నది?"

"ఈడ పనిచేసేటోళ్ల పేరు అడుగుతుంది నాయినా."

బాలకిష్టయ్య తెర దగ్గరకు వంగాడు. ఆయన నేసిన చీరలన్నీ, వాటిని కొన్న సేటు ముద్రతోనే అమ్ముడుపోయాయి.

"గిన్నేండ్లల్ల నా పేరేందని ఎవ్వరు అడగలే బిడ్డా."

రాజేశ్వరికి సంతోషమూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆయన చూపుడువేలు పట్టుకుని, కీబోర్డులో ఆయన పేరు మొదలయ్యే బి అక్షరం మీద పెట్టింది.