రెండు కంటే తక్కువ

యంత్రంలో పెట్టే ముందు జయంతి ప్రతి రక్తపు గొట్టాన్నీ వెలుతురుకెత్తి, రెండుసార్లు పక్కకు వంచి చూస్తుంది. పదకొండేళ్లుగా అంతే. అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

మాదాపూర్‌లోని ఆ ల్యాబులో ఫలితం మామూలు హద్దులో ఉంటే కంప్యూటరు ఆకుపచ్చ గీత చూపిస్తుంది. టెక్నీషియన్ మీట నొక్కితే ల్యాబు డాక్టరు పేరుతో రిపోర్టు వెళ్లిపోతుంది. హద్దు దాటితేనే డాక్టరు చూస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం నారాయణప్ప పేరు పక్కన ఆకుపచ్చ గీత వచ్చింది. క్లోమంలో క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే పరీక్ష అది. ముప్పై ఏడు దాటకూడదు. ఆయనకు రెండు కంటే తక్కువ. జయంతి వేలు మీట మీద ఆగింది.

ఫిబ్రవరిలోనూ రెండు కంటే తక్కువే. మేలోనూ అంతే. రెండూ పంపింది తనే. మేలో ఆయన కౌంటరు దగ్గర అడిగితే, "చాలా తక్కువుందండి, నిశ్చింతగా ఉండండి" అంది. బాలానగర్‌లో లేత్ షాపు నడిపే అనంతపురం మనిషి. మర్నాడే వేరుశెనక్కాయల సంచి తెచ్చాడు. "అంకె పెరిగితేనే స్కాన్ అన్న్యాడమ్మా డాక్టరు. బతికించినావు."

ఈ ఉదయం రక్తమిస్తూ చెప్పాడు, రేపు ఊరికి పోతున్నానని, మూడు నెలలకు గానీ రానని. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

తక్కువగా ఉండడం వేరు. అసలు లేకపోవడం వేరు.

ప్రోటీన్లకు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. కణం క్యాన్సర్ దారి పట్టినప్పుడు ఆ గొలుసుల అల్లిక మారుతుంది, మారినవి రక్తంలోకి రాలతాయి. ఈ పరీక్ష వెతికేది అలాంటి ఒక గొలుసునే. కానీ కొందరి ఒంటికి పుట్టుకతోనే ఆ గొలుసు అల్లడం రాదు. వాళ్ల రక్తకణాల మీద లూయిస్ అనే గ్రూపు గుర్తు కూడా ఉండదు.

ఆ సంగతి జయంతి చదువుకుంది. పరీక్ష రాసి మరిచిపోయింది.

అదే రోజు తీసిన రెండో గొట్టం పట్టుకుని కింది అంతస్తులోని బ్లడ్ బ్యాంకుకు దిగింది.

"రాములన్నా, లూయిస్ గ్రూపు సీరం ఉందా?"

"ఎవ్వలడుగుతరమ్మా దాన్ని? మల్ల పరీక్షలేమన్న రాస్తున్నవా ఏంది?"

"ఉందా లేదా చెప్పన్నా."

"ఉంది తియ్. గట్ల ఉరుముతవేంది?"

రాములు రక్తకణాలు కడిగి రెండు రకాల సీరం కలిపాడు. ఆ గుర్తు ఉంటే ఏదో ఒకదాంట్లో కణాలు గుంపు కట్టాలి. కట్టలేదు.

"మళ్లీ చెయ్యన్నా."

మళ్లీ కట్టలేదు. రాములు ముఖంలో నవ్వు పోయింది. "ఈయనకు ఆ గొలుసే తయారు గాదు. గడ్డ ఎంత పెరిగినా నీ మిషన్‌కు కనవడది."

ల్యాబు డాక్టర్ పద్మావతి అంతా విన్నారు. "ఈ రిపోర్టు ఆపుదాం. సోమవారం ఆయన డాక్టరుకి రాస్తాను. పాతవి కదపకు, వాటి కింద నా పేరుంది."

"రేపే ఊరెళ్లిపోతారండి ఆయన."

"పేషెంట్లతో మనం మాట్లాడకూడదు జయంతీ. మాట్లాడితే ఏమైందో చూశావుగా."

అది నిజం. అందుకే గుచ్చుకుంది.

సాయంత్రం ఫారంలోని నంబరు చూసి నారాయణప్ప కొడుకు దినేష్‌కు ఫోన్ చేసింది. కట్ చేశాడు. మెసేజ్ వచ్చింది: మీటింగులో ఉన్నా, నార్మలే కదా? జవాబు టైపు చేసింది. చెరిపేసింది. ఇలాంటిది మెసేజ్‌లో పంపేది కాదు.

మర్నాడు ఆరున్నరకు తెల్లాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ ముందు ఆటో దిగింది. దినేష్ కారులో సంచులు సర్దుతున్నాడు. నారాయణప్ప ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"నేను తప్పు చెప్పానండి. ఆ పరీక్ష మీకు పనికిరాదు. ఇవాళే స్కాన్ చేయించుకోండి."

"తక్కువుంటే మంచిదంటివి గదమ్మా?"

"అన్నానండి. తెలియక అన్నాను."

"మీరొచ్చినట్టు మీ డాక్టరుకు తెలుసా మేడం?" దినేష్ గొంతు పెరిగింది.

"తెలీదండి."

నారాయణప్ప కాళ్ల దగ్గరి సంచిలోంచి పాత రిపోర్టులు తీసి చేతికిచ్చాడు.

"చెప్పింది రాసియ్యి."

జయంతి వాటిని కారు బానెట్ మీద పరిచింది. ఈయనకు ఈ పరీక్షతో ఏమీ తెలియదు, వెంటనే స్కాన్ చేయాలి అని రెండింటి మీదా రాసింది. కింద ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, ఫోన్ నంబరు వేసింది.