తోడుపెట్టె

డ్రై ఐస్ డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ అంచుల మీదుగా కిందికి జారుతుంది. దాని మీదికి వంగితే ముక్కులో చురుక్కుమంటుంది, గోళీసోడా గబగబా తాగితే పైకి తన్నే ఘాటులాగా. మొన్న ఉదయం ఎయిర్‌పోర్టు దగ్గర దేవనహళ్ళిలో ఉన్న మా గోడౌన్‌లో ఆ ఘాటు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్యాకింగ్ చేస్తున్న ఆవిడ "మాస్క్ పెట్టుకోండి మేడమ్" అంది. మాస్కుకు ఆగే నీళ్ళు కావవి. రత్నమ్మక్క గుర్తొచ్చింది.

మా పని చెప్పుకోవడానికి చాలా తేలిక. ఇక్కడి తిండిపదార్థాలను చల్లగానో గడ్డకట్టించో పెట్టెల్లో సర్ది, విమానంలో పరాయి దేశాలకు పంపడం. కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళింటి ఆడపడుచు రత్నమ్మక్క, ఈ పనిలోకి ఎందుకు దిగిందో ఇంట్లోవాళ్ళకే అంతు పట్టలేదట. "గుడ్డ అయితే ఏడాది మూలన పడున్నా అడగదప్పా. కరివేపాకు అట్ల కాదు, గంట గంటకీ పిలుస్తాది. నాకు పిలిచేదే ఇష్టం" అనేది. పోయినేడాది ఆవిడ కన్నుమూసింది. ఆవిడ పిలుపు మాత్రం ఇంకా నా చెవిలోంచి పోలేదు.

గుంటూరు నుంచి డిగ్రీ కాగితాలు పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళిన రోజున ఆవిడ ఆ కాగితాల వంక చూడనేలేదు. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, తను చేసిన మొదటి పొరపాటు కథ మొదలుపెట్టింది. కొత్తలో ఎవరో ఎక్కువ చలి పెడితే ఎక్కువ తాజాగా ఉంటుందని చెబితే నమ్మి, కరివేపాకు పెట్టెల నిండా డ్రై ఐస్ దట్టించిందట. సింగపూర్‌లో విప్పేసరికి ఆకంతా మాడిపోయినట్టు నల్లగా ఉందట. "మంటలో వేసినా అంత నల్లగా కాదు. చలి అని మాట ఒకటే ఉండాది గానీ, చేపకు వేరే చలి, ఆకుకు వేరే చలి. గడ్డకట్టించేది గడ్డకట్టాల, చల్లగా ఉండేది ఉత్త చల్లగా ఉండాల. తెలిసిందా?" అని పకపకా నవ్వింది. చేరబోయే ఉద్యోగికి తన తెలివితక్కువతనం గురించి చెప్పి నవ్వే యజమానిని నేను అంతకుముందు చూడలేదు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. మర్నాడే చేరిపోయాను.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. దాన్ని చూసి తోటి వ్యాపారులు చాటున నవ్వుకునేవారు. పంపే సరుకుతో పాటు ఒక పెట్టె ఎక్కువ కట్టించేది. అదే సరుకు, అదే థర్మాకోల్, అంతే డ్రై ఐస్. అది విమానం ఎక్కదు, మా దగ్గరే ఉంటుంది. దానికి తోడుపెట్టె అని పేరు పెట్టింది. ఎయిర్‌పోర్టులో మా మనిషి ఫోన్ చేసి సరుకు చల్లగదిలో ఉందంటే, తోడుపెట్టె మా చల్లగదిలో ఉండాలి. పెట్టెలు బయటికి తెచ్చారు, విమానం పక్కన ఎండలో ఉన్నాయి అంటే, దీన్నీ మోసుకొచ్చి వాకిట్లో ఎండలో పెట్టాలి. నేను ఒకసారి నీడకు జరపబోతే "వాటికి లేని నీడ దీనికేల?" అని గదిమింది. అవతల సరుకు విప్పే వేళకు ఇక్కడ దీన్ని విప్పి, వండించి, ముందు తను తినేది. ఆ తర్వాత మాకు పెట్టేది. ఆ ఉద్యోగంలో నేను లావెక్కడానికి సగం కారణం అదే.

అప్పట్లో నేను వర్తూరులో సరోజమ్మగారి మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడా, కోడలు మంజుల కలిసి చేసే ఒబ్బట్లకు, అదే మా వైపు బొబ్బట్లంటాం, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పేరు. పల్చగా, తమలపాకంత మెత్తగా, నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి. ఒకటి తిని ఊరుకోకుండా "వీటిని దుబాయ్ పంపుదాం సరోజమ్మగారూ" అన్నాను. అన్నంత పనీ చేశాను. అక్కడ కిరాణా షాపు నడిపే నెల్లూరాయన ఉగాదికని ఆర్డరిచ్చాడు. నచ్చితే ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. ఇళ్ళకు ఇచ్చుకునే చిల్లర పని మానేసి ఇదే పూర్తిగా చేసుకుందామని అత్తాకోడళ్ళు ఆశపడ్డారు. ఇంటి కింది గదికి సున్నం కొట్టించి, దాన్ని వంటశాలగా మార్చుకున్నారు కూడా.

సరుకు వెళ్ళే రోజున ఇద్దరూ పట్టుచీరలు కట్టుకుని మా ఆఫీసుకొచ్చారు, పిల్లను అత్తారింటికి సాగనంపడానికి వచ్చినట్టు. గడ్డకట్టించిన ఒబ్బట్ల పెట్టెలు ఎయిర్‌పోర్టులో అప్పజెప్పాం. మధ్యాహ్నం మా మనిషి ఫోన్ చేశాడు. పెట్టెలను విమానం దగ్గరికి తెచ్చాక విమానంలో ఏదో మరమ్మతు వచ్చిందట, లోడింగ్ ఆపేశారట, సరుకంతా ఎండలోనే ఉందట. తోడుపెట్టె వాకిట్లోకి వచ్చింది. ఆ ఎండలో దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఎంతకీ కబురు లేదు. సాయంత్రానికి "మరమ్మతు అయిపోయింది, ఇప్పుడు ఎక్కిస్తారట" అని ఫోన్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

అక్క మాత్రం లేచి తోడుపెట్టె విప్పింది. డ్రై ఐస్ ఆవిరైపోయింది. ఒబ్బట్టు తీసి వేలితో నొక్కితే పూర్ణంలోకి వేలు దిగింది.

"వెనక్కి తెప్పిస్తాను" అంది.

సరోజమ్మగారి ముఖం పాలిపోయింది. "ఎక్కించేస్తే అక్కడ మళ్ళీ గడ్డకడ్తాది కదక్కా. ఎవురికి తెలుస్తాది? ఉగాది పోయినాంక ఒబ్బట్టు ఎవురు కొంటారు?"

"ఎవురికీ తెలీదు, నిజమే. నాకు తెలిసిపోయినాది కదా సరోజమ్మా. ఇప్పుడేం చేసేది?"

ఆ మాటకు మంజుల ఏడ్చేసింది. నాకు అక్క మీద ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడమెందుకు, ఆ క్షణాన ఆవిడ నా కంటికి మొండిఘటంలా కనిపించింది. ఎయిర్‌పోర్టులో అప్పజెప్పిన సరుకును వెనక్కి తేవడమంటే మాటలు కాదు, కస్టమ్స్ చుట్టూ తిరగాలి. దానికి నన్నే పంపింది. పంపేముందు నా ఎదుటే దుబాయ్‌కి ఫోన్ చేసింది. విమానం మీద నెట్టలేదు, నంగి మాటలు ఆడలేదు. "మీ సరుకు రావడం లేదప్పా. మెత్తబడిపోయినాది, నేనే ఆపినాను. పండగకి ఇంకా టైం ఉండాది, వేరే ఏర్పాటు చూసుకోండి" అంది. అవతలాయన అరిచిన అరుపులు నా దాకా వినిపించాయి. అన్నీ విని, "మీ కోపం న్యాయమే" అని ఫోన్ పెట్టేసింది. తోడుపెట్టెలోవి పెనం మీద కాల్పించి, సరోజమ్మగారికి మొదటిది పెట్టబోయింది. ఆవిడ ముట్టుకోలేదు.

ఉగాది అలా గడిచిపోయింది. మెట్ల మీద ఎదురైతే సరోజమ్మగారు పక్కకు చూసేవారు. సున్నం కొట్టించిన ఆ గది ముందునుంచి రోజూ నడవాలంటే నాకు ప్రాణం చచ్చిపోయేది. ఇల్లు మారిపోదామనుకున్నాను. అక్కతో అంటే "వద్దు. చెడ్డ కబురు చెప్పి పారిపోతే చెప్పినట్టు కాదు. కనపడుతూ ఉండు" అంది. కనపడుతూనే ఉన్నాను, ఏం చేయను?

కొన్ని వారాలకు నెల్లూరాయన తనే ఫోన్ చేశాడు. "ముందే చెప్పారు గనక షార్జా నుంచి తెప్పించుకుని పరువు దక్కించుకున్నానమ్మా. సరుకు పాడయ్యాక వంకలు చెప్పేవాళ్ళనే చూశానిన్నాళ్ళూ. ఈసారి కొంచెం పంపండి, చూద్దాం" అన్నాడు. ఈసారి అక్క తెల్లవారుజామున వెళ్ళే విమానం చూసింది, అప్పుడు ఎండ గొడవ ఉండదని. సరుకు చేరే రోజున సరోజమ్మగారిని బతిమాలి ఆఫీసుకు తీసుకొచ్చాను. ఫోన్ మోగింది. అక్క ఎత్తింది. ఆయన గొంతులో సంతోషం నాకే తెలుస్తోంది. ఇన్నాళ్ళు పడ్డ మాటలకు ఇప్పుడైనా అక్క కాస్త మెప్పు వింటుందని చూస్తున్నాను. ఆవిడ మాత్రం "ఉండప్పా, ఆ మాట నాకు కాదు" అని ఆయన్ను మధ్యలోనే ఆపి, ఫోన్ సరోజమ్మగారి చేతిలో పెట్టింది. పెట్టి, నా రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. లోపలినుంచి "ఆ... ఆ..." తప్ప ఇంకో మాట వినిపించలేదు. కాసేపటికి సరోజమ్మగారు గడప దగ్గరికొచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నెలనెలా కావాలంటండాడు" అన్నారు. అక్క "అట్లనా!" అంది, అప్పుడే తెలిసినట్టు.

ఇప్పుడు అక్క కుర్చీలో నేను కూర్చుంటున్నాను. చెడ్డ కబురైతే ఎవరికీ అప్పగించకుండా నేనే ఫోన్ చేస్తాను. తిట్లు తినడం అలవాటైపోయింది. మంచి కబురు వచ్చినప్పుడే చిక్కు. ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి వాకిట్లోకి నడవడానికి ఈనాటికీ నాకు కాళ్ళు రావు. అయినా నడుస్తాను.