నక్కలమెట్ట గేటులో గొంతు పరీక్ష

నక్కలమెట్ట గేటు దాటి కొండెక్కాలంటే ఆధార్ కార్డుంటే చాలదు, ఫారం నింపితే చాలదు. మీ గొంతు అక్కడి ఫారెస్టు గార్డు సర్వేశ్వరరావుకి వినబడాలి. ఆ మనిషికున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన అందరిలాంటివాడే.

గేటంటే పెద్ద కట్టడమేం కాదు. డుంబ్రిగుడ దాటాక దారికి అడ్డంగా ఓ వెదురుబొంగు, పక్కన రేకుల పాక, పాకలో బల్ల, బల్ల మీద రిజిస్టరూ స్టాంపూ. ఎదురుగా గెడ్డ పారుతుంటుంది. గెడ్డ అవతల ఓ బండ ఉంది. పర్మిట్ కావలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ఆ బండెక్కి తమ పేరూ ఊరూ కేకెయ్యాలి. పాకలో ఓ పక్కకి తిరిగి కూచున్న సర్వేశ్వరరావుకి వినబడితే పచ్చ తువ్వాలు ఎత్తుతాడు, వినబడకపోతే ఎర్ర తువ్వాలు. ఎర్ర వచ్చినవాళ్ళు పచ్చ వచ్చినవాళ్ళ వెనక నడవాలి. జట్టులో ఒక్కరికీ పచ్చ రాలేదంటే వచ్చిన బస్సే ఎక్కి బొర్రా గుహలు చూసుకోవాలి.

ఇదెక్కడి రూలని అడిగితే ఫారం వెనక తొమ్మిదో నిబంధన మీద వేలు పెట్టేవాడు. 'వన్యప్రాణులకు ముందుగా తెలియునట్లు సంచరించవలెను' అని ఉంటుందక్కడ. రాసినవాళ్ళు రాసి మర్చిపోయారు. ఈయన మర్చిపోలేదు.

ఓసారి ఓ పెద్ద ఆఫీసరు బండెక్కి పేరు మెల్లగా, హోదా గట్టిగా చెప్పాడు. ఎర్ర తువ్వాలు లేచింది.

"నేనెవరో తెలుసా నీకు?" అంటూ మండిపడుతూ పాకలోకొచ్చాడు ఆఫీసరు.

"తెలీదు బాబూ. అదే గదా అడుగుతన్నాను."

ఆయన డ్రైవరుకి పచ్చ వచ్చింది. ఆ రోజు డ్రైవరు ముందు, ఆఫీసరు వెనక నడిచారు.

ఇంకోసారి రాజమండ్రి నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. పెళ్ళికొడుకు గొంతు గెడ్డ సగం కూడా దాటలేదు. పెళ్ళికూతురు అరిస్తే అవతల మేస్తున్న మేకలు తలలెత్తాయి. "నువ్వు ముందు నడు తల్లీ, ఆయన్ని ఎనక రమ్మను" అని స్టాంపు వేశాడు. వాళ్ళ సంసారం ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తోందని తెలిసినవాళ్ళు చెప్పుకుంటారు.

ఇవన్నీ చూసి నవ్వుకునే ఓపిక నీలవేణికి ఎప్పుడో పోయింది. ఆ గేటుకి పైనున్న ఊరే ఆమెది. చిన్నప్పుడు తాత వెంట అడవంతా తిరిగి, కూత వింటే చాలు అది ఏ పిట్టో, గూడు ఎక్కడ కట్టిందో చెప్పగలదు. పిట్టల్ని వినాలంటే ముందు మనం నోరు మూసుకోవాలని తాత నేర్పాడు. ఆమె నేర్చుకుంది. ఆ నేర్చుకోవడమే ఇప్పుడు కొంప ముంచింది. గైడు కార్డు మీద సర్వేశ్వరరావు సంతకం పెట్టాలి. మూడుసార్లు బండెక్కింది, మూడుసార్లూ ఎర్ర తువ్వాలే.

"ఇనబడనేదు గుంటా" అన్నాడు మూడోసారి కూడా.

"ఏటి ఇనబడనేదు సిన్నాన్నా? అవతల మెట్ట మీద పశువులు కాత్తన్న భీముడన్నకి ఇనబడింది. ఏటే అని పలికినాడు గూడా."

"భీముడికి ఇనబడితే భీముడే సంతకం పెడతాడు. ఎళ్ళి అడుగు."

"నాను పిట్టల్ని సూపించడానికి ఎళ్తన్నాను. గావుకేకలు పెడితే పిట్టలుంటాయేటి?"

"పిట్టలు ఎగిరిపోతే రేపొత్తాయి. ఎలుగుబంటి మీద పడితే నువ్వు రావు." ఎర్ర తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. "ఇంకోలింటికి ఎళ్తే గుమ్మం బయట దగ్గుతావా, దగ్గవా?"

"దగ్గుతాను."

"అడివీ ఒకలిల్లే. ఎలుగుకి సూపు ఆనదు. తిండిలో పడితే సెవి గూడా పనిసేయదు. సెప్పకుండా ఎళ్తే దొంగలొచ్చినారనుకుంటాది."

న్యాయం చెప్పండి. ఇదే గేటులో లక్ష్మీప్రసాద్‌కి మొదటి కేకకే కార్డు వచ్చింది. అతను కొండ కింద టెంట్ల క్యాంపు నడుపుతాడు, మైదానం నుంచి వచ్చి మూడేళ్ళయింది. గొంతు మాత్రం మైకే అక్కర్లేనిది. పిట్టల సంగతి అడిగితే కాకిని చూపించి కూడా "రేర్ బర్డ్ మేడం" అంటాడు. పుట్టి బుద్ధెరిగిన కొండ మీద నీలవేణి ఆ మనిషి వెనక తోకలాగా నడవాలట. తలుచుకుంటే ఆమెకి రాత్రి ముద్ద దిగేది కాదు.

పైగా ఆ సర్వేశ్వరరావు చేసే ఉద్యోగం ఏపాటిది? పొద్దున పదకొండుకి గేటు మూసేసి ఎటో పోతాడు. నాలుగింటికి తిరిగొచ్చి, అప్పుడు క్యారేజీ విప్పి సామల అన్నం తింటాడు. ఎక్కడో చెట్టు కింద పడి నిద్రపోతాడని లక్ష్మీప్రసాద్ ఊరంతా చెప్పాడు. నీలవేణి కూడా నమ్మింది.

ఇంతలో భీముడు ఇంకో మాట చెప్పాడు.

"ఆయనకి కుడి సెవి ఇనబడదు గదే. పదేళ్ళయింది. నువ్వు అరుస్తున్నప్పుడు సూడు, ఆ సెవే గెడ్డ వైపు తిప్పి కూకుంటాడు."

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. మంచి చెవి గోడకీ చెవిటి చెవి మనుషులకీ పెట్టి, వినబడలేదని తువ్వాలు ఎత్తుతాడా? ఆ సాయంత్రమే రెండు తెల్ల కాగితాలు తీసుకుని రేంజి ఆఫీసుకి ఫిర్యాదు రాసింది. చెవి సంగతి ఒకటో అంశం. మధ్యాహ్నం నిద్ర రెండోది. తువ్వాళ్ళతో పరిపాలన మూడోది. ఆదివారం పని చూసుకుని సోమవారం పట్టుకెళ్ళి ఇద్దామనుకుంది.

ఆదివారం పని ఏమిటంటే, రాజకుమారి మేడం వచ్చింది. విశాఖలో లెక్చరరుగా రిటైరయి పిట్టల వెంట పడిన మనిషి. మరో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"కార్డు వచ్చిందా నీలవేణీ?"

"రానేదు మేడం."

"డిసెంబరులో మా సంఘం వాళ్ళు ఇరవైమంది వస్తున్నారు. అప్పటికి కార్డు ఉంటే నువ్వే ముందు నడవాలి. లేకపోతే మేం వేరే కొండ చూసుకుంటాం. ఈయన పిట్టలు నాకొద్దు."

ఈయన అంటే లక్ష్మీప్రసాద్. ఆ పూట అతను మాట్లాడకుండా తలూపుతున్నాడు. నాలుగు రోజులుగా జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అయినా బండెక్కాడు, పెదాలు కదిపాడు, "లక్ష్మీప్రసాద్, విజయనగరం" అన్న కేక కొండంతా మోగింది. అతని సంచీలో ఉన్న స్పీకరు పెట్టెలోంచి వచ్చిన కేక అది. బాగున్న రోజుల్లో ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాడట. పచ్చ తువ్వాలు లేచింది. బండ కిందే నిలబడి నీలవేణి అంతా చూసింది. బతికున్న మనిషి గొంతుకి ఎర్ర, పెట్టెకి పచ్చ. ఫిర్యాదులో నాలుగో అంశం దొరికింది.

కొండెక్కారు. ముందు గొంతులేని లక్ష్మీప్రసాద్, మధ్యలో పిట్టల కోసం ఊపిరి బిగబట్టిన నలుగురు, వెనక నీలవేణి. ఆకు కదిలిన చప్పుడు కూడా లేదు. వెదురుపొద దగ్గర దారి మలుపు తిరిగింది. మలుపులో ఇరవై అడుగుల దూరాన నల్లటి వీపొకటి చెదపుట్టని తవ్వుకుంటోంది.

లక్ష్మీప్రసాద్ వెనక్కి తిరిగి పరుగందుకోబోయాడు. నీలవేణి అతని సంచీ పట్టీ పట్టుకుని ఆపింది. "పరిగెత్తకండి. అందరూ దగ్గరికి రండి. ఒక్కటిగా నిలబడి మెల్లగా ఎనక్కి నడవండి." ఆ మాటలు పక్కవాళ్ళకి మాత్రమే వినబడ్డాయి. గట్టిగా కేక వేద్దామని నోరు తెరిచింది. కేక రాలేదు, దగ్గు వచ్చింది. గుమ్మం బయట నిలబడి దగ్గినట్టు చిన్న దగ్గు.

ఎలుగు తల తిప్పింది. చూపు ఆనక, రెండు కాళ్ళ మీద లేచి నిలబడి ముక్కెత్తి గాలి పీల్చింది.

అప్పుడు పైనున్న గట్టు మీంచి ఇంకో దగ్గు వినబడింది. కొండ కింద ఊళ్ళో కుక్కలు మొరిగేంత దగ్గు. ఆ వెంటనే కేక: "సర్వేశ్వరర్రావూ... నక్కలమెట్టా..."

ఎలుగుకి పేరూ ఊరూ అర్థమయ్యాయో లేదో గాని, వచ్చింది దొంగలు కాదని తేల్చుకున్నట్టుంది. ముందుకాళ్ళు దించి, విసుక్కుంటూ లోయలోకి దిగిపోయింది. గట్టు మీంచి సర్వేశ్వరరావు జారుతూ వచ్చాడు. చొక్కా నిండా మట్టి, మొహాన కళ్ళజోడు లేదు.

"ఎళ్ళిపోనాది. ఇక ఎనక్కి పదండి, బేగి కాదు, మెల్లగా. మేడమ్ గారూ, ఏదో ఒకటి మాటాడుతూ నడవండి."

రాజకుమారి మేడం ఏం మాట్లాడాలో తోచక దారిలో కనబడిన మొక్కల పేర్లన్నీ పైకి చెప్పుకుంటూ గేటు దాకా వచ్చింది.

నాలుగైంది. సర్వేశ్వరరావు క్యారేజీ విప్పి, రిజిస్టరు నీలవేణి ముందుకి తోశాడు. "కళ్ళజోడు కొండ మీద పడిపోనాది. ఇయాల జరిగింది నువ్వు రాయి గుంటా."

ఆమె రిజిస్టరు తెరిచింది. చివరన రిమార్కులని ఓ గడి ఉంది. రాయబోయి, పాతవి చదివింది.

'రాజమండ్రి జంట. పెళ్ళికొడుకు వినబడలేదు. పై గట్టున వెనక వెళ్ళాను. తిరిగొచ్చారు. అన్నం తిన్నాను.'

'పెద్ద ఆఫీసరు. కోపం వినబడింది, పేరు వినబడలేదు. వెనక వెళ్ళాను. తిరిగొచ్చారు. అన్నం తిన్నాను.'

'లక్ష్మీప్రసాద్. మూడు రోజులుగా కేక పెట్టెలోది. వెనక వెళ్ళాను. తిరిగొచ్చారు.'

పేజీలకి పేజీలు అదే రాత. మూడుచోట్ల ఆమె పేరుంది. మూడోచోట ఇలా ఉంది: 'నీలవేణి. భీముడికి వినబడింది, నాకు వినబడలేదు. పిట్టలన్నీ తెలిసిన పిల్ల, ముందు నడవాల్సిన మనిషి. ఎలుగు ఎదురైతే మొదట దీనికే ఎదురవుతుంది. అందుకే సంతకం పెట్టలేదు. వెనక వెళ్ళాను.'

నీలవేణి కలం కింద పెట్టింది. సూటిగా అడిగింది.

"పెట్టె కేకని తెలిసీ పచ్చ ఎందుకెత్తినావు?"

"ఆపితే అవతల దొడ్డిదారిన తీసుకుపోతాడు. అప్పుడు నాను ఎవల ఎనక ఎళ్ళాల? రేపు ఆడి కార్డు రేంజి ఆఫీసుకి ఒప్పసెప్పేత్తాను."

"సెవిటి సెవి ఎందుకు తిప్పి కూకుంటావు?"

"మంచి సెవితో ఇంటే అందరూ పాసే. ఎలుగుకి ఎలా ఇనబడతాదో నాకూ అలాగే ఇనబడాల." కుడి చెవి మీద ఓసారి రుద్దుకున్నాడు. "ఇది దాని సేతి దెబ్బే. తప్పు దానిది కాదులే. ఆ రోజు నాను దగ్గకుండా ఎళ్ళిపోనాను."

"మంచి సెవి దేనికి మరి?"

"అది కొండ మీదకి. మీ గొంతులన్నీ కిందికి దిగేదాకా ఇంటాను. దిగినాక ఆకలేత్తాది."

ఇంత మంచివాడా అని ఆమెకి కళ్ళు చెమర్చి ఉంటాయని మీరనుకుంటే, నీలవేణి మీకు తెలియదన్నమాట. ఆమెకి ఇంకా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా, ఊరంతా నిద్రమొహం అంటుంటే పడి, కాలే కడుపుతో గట్లెక్కుతాడా?

సోమవారం పొద్దున ఆమె రేంజి ఆఫీసుకి వెళ్ళలేదు. ఫిర్యాదు కాగితాలు పట్టుకుని గెడ్డ దాటి బండెక్కింది. సర్వేశ్వరరావు యథాప్రకారం చెవిటి చెవి తిప్పి కూచున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదట పేరు, తర్వాత ఊరు, తర్వాత 'అయ్యా'. అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. రెండో వాక్యానికే పచ్చ తువ్వాలు లేచింది.

ఆమె ఆపలేదు. చెవి సంగతి చదివింది. మధ్యాహ్నం నిద్ర అంశం కొట్టేశానని కూడా కేకేసి చెప్పింది. తువ్వాళ్ళ పరిపాలన, పెట్టెకి పచ్చ, అన్నీ చదివింది. పచ్చ తువ్వాలు పైనే ఉంది. రాత్రి కొత్తగా చేర్చిన ఆఖరి అంశానికి వచ్చింది.

"సదరు సర్వేశ్వరరావు తొమ్మిదో నిబంధన తానే ఉల్లంఘించి, ఒంటరిగా, చప్పుడు చేయకుండా, అన్నం తినకుండా అడవిలో తిరుగుచున్నాడు. ఇకమీదట ఆయన ఒంటిగంటకే అన్నం తినవలెను. వెనక వచ్చుట మానవలెను."

అవతల మెట్ట మీంచి భీముడు పలికాడు. "ఇనబడిందే నీలవేణీ. అంతా ఇనబడింది."

పాకలో సర్వేశ్వరరావు పచ్చ తువ్వాలు దించాడు. బల్ల సొరుగు లాగి గైడు కార్డు తీసి, దాని మీద సంతకం పెట్టి, స్టాంపు గట్టిగా కొట్టాడు. తర్వాత గెడ్డ వైపు తిరిగి, ఆఖరి అంశానికి జవాబుగా తాపీగా ఎర్ర తువ్వాలు ఎత్తాడు.