బోర్డు వంటింట్లో ఉంది

మహాజనులారా, ఈ రోజు ఒక రేకు బోర్డు మా ప్రాణాలు తోడేసింది.

ఇంట్లో దెబ్బలు భరించలేక వచ్చేసిన ఆడవాళ్లకు చోటిచ్చే ఇంట్లో నేను కంప్యూటర్ పని చేస్తాను. ప్రభుత్వ గ్రాంటు ఆగితే ఆ ఇల్లు మూతపడుతుంది. గ్రాంటు రావాలంటే పథకం పేరుతో బోర్డు ఉండాలి. మేము బుద్ధిగా పెట్టాం, కాకపోతే వంటింట్లో, గ్యాసు పొయ్యి పైన.

పొద్దున తనిఖీకి వచ్చిన అధికారి గేటు దగ్గరే ఆగిపోయారు. "బోర్డు వీధిలోకి కనపడాలమ్మా. లేకుంటే ఫైలు ఆగిపోతుంది."

"వీధిలో పెడితే చదివేది మీరొక్కరే కాదు సార్," అంది ఇల్లు నడిపే సుజాతక్క.

అంతలో ఒక బైకు వచ్చి మా ముందే ఆగింది. మొన్న మైపాడు వైపు నుంచి పసిబిడ్డతో వచ్చిన అమ్మాయి ఫోన్‌లో చూపించిన మొగుడే అతను. ఆ అమ్మాయి లోపల అన్నం వారుస్తోంది.

"సార్, మొగుళ్లని వదిలేసి వచ్చినోళ్లని పెట్టుకునే ఇల్లు ఇదేనా?" అని అతను అధికారినే అడిగాడు.

ఆయన ఖాళీ గోడ వైపు చూశారు. "బోర్డేమన్నా కనపడతా ఉందా నీకు? నేను అద్దిల్లు చూసుకునేదానికి వచ్చినా. పోవయ్యా!"

బైకు మలుపు తిరిగాక సుజాతక్క ఆయన్ని లోపలికి పిలిచి గేటుకు గడియ పెట్టింది.

తర్వాత ఆయన వంటింట్లోకొచ్చి బోర్డు చదివి, ఫారంలో రాశారు: "బోర్డు కలదు. స్పష్టముగా కనపడుచున్నది."

ఎవరికి కనపడాలో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఉండాలంటారా? కామెంట్లలో చెప్పండి. అడ్రసు మాత్రం అడక్కండి.