ప్రసాద్ అంకుల్ గీత కొట్టిన నా మదర్‌బోర్డు

మా చిన్నప్పుడు పాయింట్ కుక్‌లో, ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్ల ఇళ్లలో, స్విచ్చి ఉన్న వస్తువు ఏది కొనాలన్నా ముందు ప్రసాద్ అంకుల్ సరే అనాలి... ఆయన ఐటీ. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. కంప్యూటర్ మూత ఏనాడైనా విప్పాడా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను ఇయర్ నైన్‌లో ఉన్నాను. ఇంటికి కంప్యూటర్ కొంటానని నాన్న మాటిచ్చాడు. నేను గీసిన బొమ్మల్ని తెర మీద కదిలించాలని నాకు పిచ్చి. ఆర్నెల్లు వీడియోలు చూసి లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద లిస్టు రాశాను... ప్రాసెసర్, దానికి సరిపోయే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు.

ప్రాసెసర్, కార్డు నాన్న ఇక్కడే కొన్నాడు. బోర్డు మీద మాత్రం అంకుల్ గీత కొట్టేసి, పక్కన వేరే మోడల్ రాశాడు.

"మా బావమరిది ఫ్రైడే హైదరాబాద్ నుంచి వస్తున్నాడండీ. సూట్‌కేసులో పడేస్తాడు. ఇక్కడెందుకు కొనడం?"

"అంకుల్, మీరు చెప్పేది పాత మోడల్... ఈ ప్రాసెసర్ దాంట్లో కూర్చోదు."

"కంపెనీ సేమ్ కదమ్మా!"

అంతే. అయిపోయింది.

బోర్డు వచ్చింది... కారప్పొడి ప్యాకెట్ల మధ్య, పాత చీరలో చుట్టుకుని. వెనక్కి ఇద్దామంటే కొట్టు హైదరాబాదులో ఉంది.

ఆదివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం. డైనింగ్ టేబుల్ మీద బోర్డు. చుట్టూ రెండు కుటుంబాలు, టీ కప్పులు. అంకుల్ ప్రాసెసర్ పెట్టాడు. అంచున గాడి కలవలేదు. ఆయనకు కనపడలేదు... నాకు కనపడింది. కింద వెంట్రుకల్లాంటి సూదులు, వందల్లో. అవి వంగితే బోర్డు పోయినట్టే. ఆయన బొటనవేలు ఆనించాడు.

నా చెయ్యి అడ్డం పెట్టేశాను.

"అంకుల్, డోంట్! నొక్కితే పిన్స్ వంగిపోతాయ్!"

"ఏంటే అది? పెద్దాయన చెయ్యి పట్టుకుంటావా?" అమ్మ.

"పోన్లెండి, వీడియోలు చూసి ఇంజినీరైపోయింది," అన్నాడు అంకుల్. అందరూ నవ్వారు.

నాన్న వైపు చూశాను... ఆర్నెల్లు ఆ టేబుల్ దగ్గరే కూర్చుని నేను రాసుకోవడం ఆయన చూశాడు. ఒక్క మాట అంటే చాలు.

"చెయ్యి తియ్యమ్మా. అంకుల్‌కి సారీ చెప్పు."

చెప్పాను. తీశాను.

కర్రుమని చిన్న చప్పుడు...

"పీస్ డిఫెక్టివ్ అండీ," అని అంకుల్ టీ తాగి వెళ్లిపోయాడు. ఇంకో బోర్డు మాట నాన్న ఎత్తలేదు. స్కూలు అయిపోయేదాకా నాకు లైబ్రరీ కంప్యూటరే గతి. ఆ గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది... సీలు విప్పలేదు.

కోపం తగ్గలేదు. తగ్గించుకోను కూడా.

ఇప్పుడు కంప్యూటర్ రిపేరు షాపులో పని నాది. కోర్సులు లేవు, సర్టిఫికెట్లు లేవు. పోయిన వారం ప్రసాద్ అంకుల్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మా చిన్నదానికి కంప్యూటర్ కావాలంట. బోర్డు, కార్డు ఏది కొనాలో నువ్వే చెప్పాలి."

"తను లిస్టేమైనా రాసుకుందా అంకుల్?"

"ఆ... ఏదో రాసింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

"ఫోన్ తనకివ్వండి."

ఆ పిల్ల భయంభయంగా, ఇంగ్లీషులో, లిస్టంతా చదివింది. ఒక్క తప్పు లేదు.

ఆ రోజుల్లో ఫోన్ మన చేతికి ఇమ్మని అడిగినవాళ్లు లేరు... ఇప్పుడు కనీసం నేనున్నాను. మీరు రాసుకున్న లిస్టు మీద గీత కొట్టింది ఎవరు? కింద రాయండి... పేరు అక్కర్లేదు, "అంకుల్" అంటే చాలు.