మంచు పడితే చెరో పాయింట్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ భూమ్మీద ఒకటి ఉంటుందని నేను కలలో కూడా అనుకునేవాణ్ణి కాదు. ఇరవై ఆరేళ్ళ వయసు, పాస్‌పోర్ట్‌లో కొత్త హెచ్‌వన్‌బీ, రెడ్‌మండ్‌లో నలుగురం పంచుకున్న రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. ఇన్ని ఐశ్వర్యాలు ఉన్నవాడికి వినయం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి. రెడ్‌మండ్‌లో రాయి విసిరితే తెలుగువాడి మీద పడుతుందనీ, ఆ తెలుగువాడు తప్పకుండా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంటాడనీ అనేవారు. రాయి గురి తప్పిన ఒకే ఒక్కణ్ణి నేను. నా ఉద్యోగం సరస్సు అవతల సియాటిల్‌లో, బాలర్డ్ అనే పేటలో, ఒక బేకరీ మీద ఉన్న మేడగదిలో. కాఫీ మెషీన్‌తో కలిపి అక్కడ ముగ్గురం ఉండేవాళ్ళం. (నికరంగా పనిచేసేది మెషీనే.)

ఆ కంపెనీ వ్యాపారమేమిటో చెబితే మా నాన్నగారు మూడుసార్లు ఫోన్ చేసి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. నార్వే దేశంలో జరిగే టాప్ డివిజన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, పట్టికలో ఎవరెక్కడున్నారు అన్నది అమెరికాలో స్థిరపడిన నార్వే వాళ్ళ సెల్‌ఫోన్లకి మెసేజ్‌గా పంపడం. బాలర్డ్ ఒకప్పుడు నార్వే నుంచి వచ్చిన చేపల పడవల వాళ్ళ పేట. మా బాస్ తాతగారు కూడా ఆ పడవల్లోనే వచ్చారట. బాస్‌కి నేను వైకింగ్ అని, పాతకాలపు నార్వే సముద్రయోధుల పేరు పెట్టుకున్నాను. మనిషి తాటిచెట్టంత ఎత్తు. ఆ గడ్డంలో పిచ్చుకలు కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపినా ఆయనకి తెలియదు. నార్వే భాషలో ఆయనకి వచ్చినవి రెండే మాటలు. ఒకటి 'ధన్యవాదాలు'. రెండోది పెద్దలు చదివే చోట రాయకూడదు. ఇంటర్వ్యూలో ఆయన నన్ను, "నీకు ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగాడు. "ఆటలన్నీ ఒకటేనండీ, లాజిక్ ముఖ్యం" అన్నాను. ఉద్యోగం ఇచ్చేశాడు. (ఇవ్వక ఏం చేస్తాడు, వచ్చింది నేనొక్కణ్ణే.)

లాజిక్ రాయడానికి నాకు ఒక పూట పట్టింది. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే చెరొకటి, సీజన్ చివర్న పట్టికలో అట్టడుగున ఉన్న రెండు క్లబ్బులూ రెండో డివిజన్‌కి పడిపోతాయి. అంతా అయ్యాక ఒకే ఒక్క సందేహం మిగిలింది. మ్యాచ్ మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి? అడుగుదామంటే వైకింగ్ లంచ్‌కి వెళ్ళాడు. అయినా క్రికెట్ చూసి పెరిగినవాడు ఒకర్ని అడగవలసిన ప్రశ్నా అది? వర్షం వల్ల మ్యాచ్ రద్దయితే చెరో పాయింట్. పాలు తాగే పసివాడికి కూడా తెలుసు. నార్వేలో వర్షం బదులు మంచు పడుతుంది, అంతే తేడా. ఒక్క లైన్ కోడ్ రాసి, ప్రపంచ క్రీడారంగానికి నా వంతు సేవ చేసినట్టు ఒళ్ళు విరుచుకుని కింద బేకరీకి దిగిపోయాను. మంచు బాధ పడలేకే ఆ దేశంలో లీగ్‌ని వసంతంలో మొదలుపెట్టి నవంబర్‌లో ముగిస్తారట. అందువల్ల నా లైన్ సీజన్ పొడుగునా కుంభకర్ణుడిలా నిద్రపోయింది.

నవంబర్‌లో సీజన్ ఆఖరి ఆదివారం రానే వచ్చింది. ఉత్తర ధ్రువానికి నాలుగిళ్ళ ఇవతల ఉన్న ఒక చిన్న చేపల ఊరి క్లబ్బు, అడుగునుంచి రెండో స్థానంలో కొట్టుమిట్టాడుతోంది. ఆ మ్యాచ్‌లో ఒక్క పాయింట్ వస్తే గట్టెక్కుతుంది, రాకపోతే మునుగుతుంది. అరవయ్యో నిమిషంలో, సున్నా సున్నా మీద ఉండగా, మంచు మొదలైంది. ఎలాంటి మంచనుకున్నారు? రిఫరీ ఎర్రకార్డు తీశాడట గానీ చూపించడానికి ఎదురుగా ఆటగాడు కనపడలేదట. మ్యాచ్ ఆపేశారు. ఇక్కడ బాలర్డ్‌లో నా కుంభకర్ణుడు లేచి కూర్చుని చెరో పాయింట్ పంచిపెట్టాడు. క్లబ్బు ఒక మెట్టు పైకెక్కింది. పట్టిక మెసేజ్‌గా మారి అమెరికా అంతటా వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే ఒక పెద్దావిడ మా మేడమెట్లు ఎక్కి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చేతిలో అట్టపెట్టె. పెట్టె మూత తీయగానే గదంతా ఏలకుల వాసన. (నార్వే వాళ్ళు బన్నుల్లో ఏలకులు వేస్తారని ఆ రోజు తెలిసింది. ఆ క్షణం నుంచి వాళ్ళంటే నాకు చుట్టరికం లాంటిది ఏర్పడింది.) ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, అయినా నా చెవికి మా వీధిలో మామ్మగారు మాట్లాడినట్టే వినపడేది. అందుకని ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

"ఆ మెసేజ్‌లు పంపేది ఎవరు నాయనా?" అంది మామ్మగారు.

వైకింగ్ నావైపు చెయ్యి చూపించాడు. నేను పెళ్ళికొడుకులా తల వంచుకున్నాను.

ఆవిడ పుట్టింది ఆ చేపల ఊళ్ళోనే. వాళ్ళాయన కుర్రతనంలో ఆ క్లబ్బుకి గోల్‌కీపర్. ఆయన ఉన్నంతకాలం ఆ క్లబ్బు టాప్ డివిజన్ ముఖం చూడలేదు. ఆయన పోయిన నాలుగేళ్ళకి, పోయినేడు, మొదటిసారి ఎక్కింది. "ఇప్పుడు పడిపోతే మళ్ళీ ఎక్కేదాకా నేనుండొద్దూ? ఇంకో ఏడాదికి భయం లేదు. నా వయసులో ఏడాదంటే మాటలా" అని నా చేతిలో బన్ను పెట్టింది. నేనేదో స్వయంగా గోల్ ఆపినట్టు, "మాదేముందండీ" అన్నాను. ఏడు బన్నులు తిన్నాను.

గురువారం మినసోటా నుంచి ఒక చందాదారు ఫోన్ చేశాడు. వైకింగ్ ఫోన్ పెట్టేసి, కుర్చీని నా వైపు తిప్పాడు.

"ఆదివారం ఆగిపోయిన మ్యాచ్‌కి పాయింట్లెవరిచ్చారు?"

"చెరొకటి ఇవ్వడం పద్ధతి కదండీ."

"ఎవరి పద్ధతి?"

"అందరి పద్ధతీనండీ."

"ఏ ఊళ్ళో అందరిది?"

దీనికి సమాధానం చెప్పాలంటే మా మచిలీపట్నం నుంచి మొదలుపెట్టాలి. ఆగిపోయిన మ్యాచ్‌ని మళ్ళీ మొదటినుంచి ఆడిస్తారనీ, అది ఈ ఆదివారమేననీ, క్లబ్బు ఇంకా అడుగునుంచి రెండోస్థానంలోనే ఉందనీ ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. అరిచి ఉంటే బాగుండేది. అప్పటికి నా వీసా, నా ఉద్యోగం, డిసెంబర్‌లో అనుకున్న నా పెళ్ళిచూపులు వరసగా విమానమెక్కి ఇండియా వెళ్ళిపోతున్నట్టు కనపడింది. ఆయన మాత్రం, "పట్టిక తర్వాత దిద్దుదువుగాని. ముందు ఆవిడకి చెప్పు. ఫోన్‌లో కాదు, వెళ్ళి చెప్పు" అన్నాడు.

మామ్మగారి ఇల్లు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ నడవడానికి నాకు గంటన్నర పట్టింది. తలుపు తీసి, నేను బన్నుల కోసం వచ్చాననుకుని, లోపల కూర్చోబెట్టి పళ్ళెం నిండా పెట్టింది. నోరు ఖాళీ అయితే చెప్పాలి కదా అని మూడు తిన్నాను. నాలుగోది అందుకోబోతూ ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. చెప్పేశాను. మా దేశంలో వర్షం వస్తే ఏం చేస్తారో, నేనేం అనుకున్నానో, అంతా.

ఆవిడ లేచింది. పళ్ళెం సర్దింది. కర్టెన్ సర్దింది. చివరికి, "వీధిలో అందరికీ బన్నులు పంచిపెట్టాను నాయనా" అంది.

"తప్పు నాదండీ."

"నీదే. అందుకని ఆదివారం వచ్చి నా పక్కన కూర్చో. నువ్విచ్చిన పాయింట్ వాళ్ళు నిజంగా తెచ్చుకునేదాకా లేవకూడదు."

సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో, ఆదివారం జరిగే మా టెన్నిస్‌బాల్ క్రికెట్ మ్యాచ్‌కి రానని చెప్పాను. మా రూమ్మేట్ ఒకడు ఆ టీమ్‌కి కెప్టెన్. వరంగల్ వాడు. ఇంట్లో గిన్నెలు తోమే వంతులు కూడా ఫీల్డింగ్ పెట్టినట్టే పెట్టేవాడు.

"ఓపెనింగ్ ఎవడు దిగుతడు మరి?" అన్నాడు కెప్టెన్.

"నార్వే టీమ్ ఒకటి పడిపోతుందేమోనని భయంగా ఉందిరా. వెళ్ళాలి."

"నార్వేల క్రికెట్ ఎప్పుడు మొదలువెట్టిన్రు?"

జరిగిందంతా చెప్పాను. కెప్టెన్ పప్పు కలుపుతున్న గరిటె ఆపి ఆలోచించాడు. "మ్యాచ్ ఆగిపోయింది. నువ్వు చెరో పాయింట్ ఇచ్చినవ్. అండ్ల తప్పేమున్నది?" అన్నాడు. మిగతా ఇద్దరూ కూడా తప్పు నార్వేదేనని తేల్చారు. ఆ ఏకగ్రీవ తీర్మానం నాకెంత ఊరటనిచ్చిందో చెప్పలేను. కానీ దాన్ని తీసుకెళ్ళి మామ్మగారికి చూపించడం కుదరదు.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకల్లా నా ల్యాప్‌టాప్ మామ్మగారి డైనింగ్ టేబుల్ మీద ఉంది. పక్కనే గోల్‌కీపర్ గారి ఫొటో, ఆయనకి కూడా కనపడేట్టు ఆవిడే తిప్పి పెట్టింది. వీడియో తపాలా బిళ్ళంత. అందులో ఆటగాళ్ళు చీమలు, బంతి చీమ కంట్లో నలుసు. అది కూడా పది అడుగులు కదిలి నిలిచిపోయేది. నిలిచినప్పుడల్లా ఆవిడ నావైపు చూసేది, నేను ఇంటర్నెట్‌ని కనిపెట్టినవాణ్ణయినట్టు సంజాయిషీ చెప్పుకునేవాణ్ణి. డ్రా చాలు. మొదటి సగం సున్నా సున్నా. డెబ్భయ్యో నిమిషం, సున్నా సున్నా. అంతకుముందు వారందాకా ఆఫ్‌సైడ్ అంటే రోడ్డుకి అవతలి పక్క అనుకున్న నేను, ఎనభయ్యో నిమిషానికి రెండు చేతులూ జోడించి వేంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకున్నాను. పెదవులు కదలడం ఆవిడ చూసింది.

"ఏమిటి గొణుగుతున్నావ్?"

"డ్రా అయితే గుండు చేయించుకుంటానని మా దేవుడికి మొక్కానండీ."

"జుట్టంతానా?"

"అంతానండీ."

"వద్దు నాయనా. వచ్చే నెల పిల్లని చూడ్డానికి వెళ్తున్నానన్నావుగా. ఈ గోల్‌కీపర్‌కి అంత జుట్టు దండగ" అంది, కళ్ళు తెర మీదనుంచి తీయకుండా.

ఎనభై తొమ్మిదో నిమిషంలో అవతలి జట్టుకి మైదానం మూలనుంచి కొట్టే కార్నర్ కిక్ వచ్చింది. బంతి లేచింది. గాలిలో ఉండగా వీడియో ఆగిపోయింది. తెర మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలైంది. నేను మీటలన్నీ నొక్కాను, ల్యాప్‌టాప్‌ని బతిమాలాను, నిలబెట్టాను, పడుకోబెట్టాను. బంతి అలాగే గాలిలో ఉంది. అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. నేను రాసిన ప్రోగ్రామ్, తన పని తాను చేసుకుంటూ, అందరికీ పంపినట్టే నాకూ పంపింది. మామ్మగారి ఫోన్ వంటింట్లో ఉంది, అదీ మోగింది. ఆవిడ లేవలేదు. నన్ను చూస్తూ కూర్చుంది.

నేను చదివాను. చదివి ఫోన్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టాను.

"ఈసారి లెక్క కరెక్టేనా?" అంది.

"కరెక్టేనండీ."

"సరే" అంది. వీడియో కదిలేదాకా ఆగి, బంతి గోల్‌లో పడడం చూసి, అయిపోయిన మ్యాచ్‌ని అయిపోయేదాకా చూసింది. తర్వాత లేచి కాఫీ పెట్టింది. నేను క్షమాపణ మళ్ళీ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. కాఫీ కప్పు నా ముందు పెడుతూ ఇలా అంది: "ఆదివారం నుంచి బుధవారందాకా మా ఊళ్ళో ఒక్కడికీ నిద్ర పట్టి ఉండదు. మ్యాచ్ మళ్ళీ ఆడాలని వాళ్ళందరికీ తెలుసు. నేనొక్కదాన్నే హాయిగా ఉన్నాను. నాలుగు రోజులు. ఆయన ఫొటోకి కూడా చెప్పాను, మనం గట్టెక్కామని. ఆ నాలుగు రోజులూ ఆ ఊరి మొత్తంలో ఎవరికీ లేవు నాయనా, నాకే ఉన్నాయి."

సోమవారం ఆఫీసుకి వెళ్ళి ఆ లైన్ తీసేశాను. తీసేసేముందు కాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నమాట నిజమే. వైకింగ్ కాఫీ తెచ్చిపెట్టాడు. (మెషీన్ ఆ రోజు పనిచేయలేదు, కింద బేకరీనుంచి తెచ్చాడు.)

ఆ తర్వాత నేనూ అందరిలాగే పెద్ద కంపెనీలో చేరాను, అందరిలాగే పెద్దవాణ్ణయ్యాను. ఇన్నేళ్ళలో నేను రాసిన కరెక్టు కోడ్ పరిచి పెడితే రెడ్‌మండ్ నుంచి నార్వే దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చి, ఇంకా మిగులుతుంది. దానికి అవార్డులిచ్చారు, బోనస్‌లిచ్చారు, నా పేరు చెక్కిన గాజుముక్క ఒకటి ఇచ్చారు. కొత్తగా చేరిన పిల్లలు ఏదైనా తెలియకుండా ఊహించి రాస్తే, "అడగకుండా ఎందుకు రాశావ్?" అని కేకలేయడం ఇప్పుడు నా ఉద్యోగంలో ముఖ్యభాగం. కేకలేస్తాను. వేసి, నా సీట్లోకి వచ్చి కూర్చుని, ఎవరూ చూడకుండా ఆ ఇరవై ఆరేళ్ళ మూర్ఖుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడంత ధీమాగా తప్పు చేయడం ఇప్పుడు నాకు చేతకాదు. ఒక మనిషికి నాలుగు రోజులు ఇవ్వడం కూడా.